పాత ఫియట్‌ను బాగుచేయించడం ఎలా? ఏది అలాగే ఉంచాలి, ఎక్కడ డబ్బు మిగుల్చుకోవాలి

షెడ్డులో టార్పాలిన్ కింద పడున్న ఫియట్‌ను మళ్లీ రోడ్డెక్కిద్దామని అనుకోగానే ఇద్దరు తగులుతారు. ఒకాయన "ఒక్క స్క్రూ మార్చినా బండి విలువ పోతుంది" అంటాడు. ఇంకొకాయన "ఆ పాత ఇంజిన్ దేనికండీ, వేరేది దింపేద్దాం, నెలలో తిరిగేస్తుంది" అంటాడు. మొదటాయన మాట వింటే జేబు ఖాళీ. రెండో ఆయన మాట వింటే ఫియటే మిగలదు.

మనం ఫియట్ అనేది ప్రీమియర్ పద్మినిని. మన దేశంలో 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, 1974 నుంచి పద్మిని పేరుతో 2000 ప్రాంతం దాకా తయారైంది. 1089 సీసీ పెట్రోల్ ఇంజిన్, స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేర్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. నాన్న వాడిన 1978 మోడల్‌ను రెండేళ్లు తంటాలు పడి బాగుచేయించాను. ఇక్కడ చెప్పేది అందులో నేర్చుకున్నదే. అంబాసిడర్ ఉన్నవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

1. బండితో ఏం చేస్తారో ముందు తేల్చుకోండి

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉన్న సొంత వాహనానికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా రిజిస్టర్ చేయడానికి రూ.20,000 ఫీజు, పదేళ్ల గడువు. కానీ ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కొట్టించడానికి, రిపేర్లకు మాత్రమే తీయాలి.

మా బండికి 50 ఏళ్లు 2028లో నిండుతాయి. అప్పుడు ఆ నంబరు తీసుకున్నా తీసుకోకపోయినా, దారి మాత్రం మూసుకోకూడదనుకున్నాను. ఆదివారాలు కుటుంబంతో తిరగడమే మీ కోరిక అయితే మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటే చాలు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం పసుపు రోల్స్ రాయిస్‌కు పాటించే మడి మన ఫియట్‌కు అక్కర్లేదు.

2. విప్పకముందే ఫొటోలు, లెక్క

ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోయాయో లేదో చూడండి. సరిపోకపోతే అక్కడే ఆగి ఆ సంగతి తేల్చుకున్నాకే ఒక్క రూపాయైనా పెట్టండి. తర్వాత ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, విప్పిన సామాను కవర్లలో వేసి, పేరు రాసి ఇంటికి తెచ్చుకోండి. షెడ్డులో వదలకండి. నేను వదిలాను. మా బండి పక్కన సాగే స్టీల్ పట్టీలు పెయింటింగ్ అయ్యేలోపు మాయమయ్యాయి. "పాతవే కదా సార్, తుక్కులో పోయుంటాయి" అన్నారు. అలాంటివి మళ్లీ దొరకడానికి ఏడు నెలలు పట్టింది.

3. తుప్పు ఎంత ఉందో చూడండి

పైన రంగు మెరుస్తుంటే నమ్మకండి. చిన్న అయస్కాంతం పట్టుకుని బాడీ అంతా తిరగండి. అతుక్కోని చోట లోపల పుట్టీయే. కార్పెట్ ఎత్తి ఫ్లోర్‌ను, తలుపుల కింది అంచుల్ని, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఫ్లోర్‌తో పాటు తలుపుల కింద పొడవునా ఉండే దూలాలు కూడా పోయుంటే, మంచి బాడీ ఉన్న ఇంకో ఫియట్ కొని, మీ దాన్ని స్పేర్ పార్టులకు ఉంచుకోవడమే చవక. నాన్న బండి అన్న మమకారం ఉంటే వేరే సంగతి, దానికి లెక్కలుండవు.

4. దేన్ని ముట్టుకోకూడదు, దేన్ని మార్చాలి

నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఏ మార్పు చేసినా, రేపు ఇంకొకరు స్పానర్ పట్టుకుని పాతది తిరిగి బిగించగలగాలి. కోయడం, వెల్డింగ్‌తో అతికించడం వద్దు.

కంటికి కనిపించేవి, చేతికి తగిలేవి ఒరిజినల్‌గా ఉండాలి: ముందు జాలీ, బంపర్లు, మీటర్లు, స్టీరింగ్, తలుపు పిడులు, ముఖ్యంగా హ్యాండ్ గేర్. నడపడం సుఖమని ఫ్లోర్ కోసి గేర్ రాడ్ కిందికి దించినవాళ్లు ఉన్నారు. అమ్మేటప్పుడు వాళ్లే బాధపడతారు. బంపర్ కాస్త సొట్టపోయినా దాన్నే సరిచేయించి క్రోమ్ ప్లేటింగ్ వేయించండి. కొత్తగా అమ్మే పల్చటి రేకు బంపర్ కన్నా అదే మేలు.

కనిపించనివాటిలో, ప్రాణానికి సంబంధించినవాటిలో పాతదనం కోసం పట్టుపట్టకండి. బ్రేక్ సిలిండర్లు, గొట్టాలు, వైరింగ్, టైర్లు కొత్తవే వేయించండి. పాత మోడళ్లలో బ్యాటరీని ఛార్జి చేసే డైనమో తీసి, ఇంజిన్ నెమ్మదిగా తిరిగినా ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టిస్తే రాత్రిపూట హెడ్‌లైట్లు నిజంగా వెలుగుతాయి. వీటిని ఏ ర్యాలీలోనూ వంగి చూసేవాళ్లు తక్కువ. చూసినా తప్పుపట్టరు.

పెట్రోలు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు గొట్టాల్ని, బండి పెట్రోల్ పంపులో ఉండే పల్చటి పొర డయాఫ్రమ్‌ను ఉబ్బించి పాడుచేస్తుంది. తేమను పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి బండి కదలకపోతే ట్యాంకులో తుప్పు పడుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, కార్బురేటర్ కిట్ వేయించడం చిన్న ఖర్చే. దానికి వెనకాడి దారిలో పెట్రోలు కారితే మాత్రం మంటలే. ఇంకోటి, సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఈ ఇంజిన్లు ఆ పెట్రోలు రోజుల్లో తయారైనవి, వాల్వులు కూర్చునే అంచులు (వాల్వ్ సీట్లు) అరగకుండా ఆ సీసమే కాపాడేది. ఎలాగూ ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, దింపినప్పుడు లేత్ షాపులో గట్టి వాల్వ్ సీట్లు వేయించేస్తే మళ్లీ దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఇక వేరే ఇంజిన్, డీజిల్ ఇంజిన్ లాంటివి చట్టపరంగానూ తలనొప్పే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీవో అనుమతి లేకుండా అలాంటి మార్పులు చేయకూడదు.

5. సామాను ఎక్కడ వెతకాలి

విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, చెన్నై పుదుపేట తిరగండి. ముంబైలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా నడిచాయి కాబట్టి అక్కడ ఈ బండి నాడి తెలిసిన మెకానిక్‌లు ఇంకా దొరుకుతారు. పాత భాగాన్ని చేతిలో పట్టుకునే వెళ్లండి. ఫోన్లో చెప్పి తెప్పించినవి మూడింటిలో ఒకటి నాకు సరిపోలేదు.

6. డబ్బు ఏ వరసలో పెట్టాలి

ముందు బ్రేకులు, తుప్పు. తర్వాత ఇంజిన్, వైరింగ్. చివర్లో పెయింట్, సీట్లు. చాలామంది ఉత్సాహంలో పెయింట్‌తో మొదలుపెట్టి, తర్వాత ఇంజిన్ దింపేటప్పుడు గీతలు పడి ఏడుస్తారు. అసలు రంగు ఏదో డ్యాష్‌బోర్డు వెనక, సీట్ల కింద తెలుస్తుంది. అదే షేడ్‌లో ఇప్పటి పీయూ (పాలీయురేథేన్) పెయింట్ వేయించినా నష్టం లేదు. రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించాలి. పెయింటర్‌కు, టింకరింగ్ మేస్త్రీకి డబ్బు పని నడిచినకొద్దీ ఇవ్వండి, మొత్తం ముందే వద్దు. అనుకున్న బడ్జెట్‌లో నాలుగో వంతు ముట్టుకోకుండా దాచండి. విప్పాక ఏదో ఒకటి బయటపడుతుంది.

తీసిన ఒరిజినల్ భాగాలకు గ్రీజు పూసి గోనెసంచిలో కట్టి ఇంట్లోనే పెట్టండి. మా డైనమో మంచం కింద ఉంది. ఇల్లు దులిపినప్పుడల్లా పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తానంటుంది అమ్మ. దసరాకు బండికి పూజ చేసేటప్పుడు మాత్రం దాన్నీ బయటికి తీయించి బొట్టు పెడుతుంది.