విశాఖలో పాత పియానో: సమస్య, కారణం, పరిష్కారం

తాతల నాటి పియానో మొరాయించగానే "శ్రుతి తప్పింది" అని ట్యూనర్‌కి కబురు పెడతారు. నిజానికి అది చివర చేయించాల్సిన పని. ఈ ఊళ్లో పియానో ఇబ్బందుల్లో ఎక్కువ భాగం చెమ్మ వల్ల వచ్చేవే. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్లలో దానికి ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ముందు చెమ్మ, తర్వాత మెట్లు (వేళ్లతో నొక్కే కీలు), ఆ తర్వాతే తీగలు. ఈ వరస తప్పితే శ్రుతికి పెట్టిన డబ్బు రెండు నెలల్లో వృథా అవుతుంది. కింద రాసినదంతా గోడవారగా నిలబెట్టే అప్‌రైట్ పియానో గురించి.

నొక్కిన మెట్టు పైకి రావడం లేదు

తప్పు మెట్టుదా, తీగను కొట్టే సుత్తిదా అన్నది ముందు తేల్చుకోండి. పై మూత ఎత్తి, ముందు పలక తీసి, మెట్టు నొక్కి వదలండి. సుత్తి వెనక్కి వచ్చేసినా మెట్టు కిందే ఉండిపోతే లోపం మెట్టులో ఉంది. సుత్తి తీగల దగ్గరే ఆగి మెల్లగా వస్తుంటే లోపం సుత్తి కీలులో ఉంది.

వరసగా చాలా మెట్లు పట్టేశాయంటే, వాటి ముందున్న చెక్క పట్టీ ఉబ్బి మెట్లకు రాసుకుంటోందని అనుమానించండి. ఆ సందులో విజిటింగ్ కార్డు సులువుగా దూరాలి. దూరకపోతే పట్టీ విప్పి, స్క్రూ పడే చోట వెనక సన్నటి అట్టముక్క పెట్టి బిగిస్తే సరి. ఒక్క మెట్టే పట్టేస్తే పక్క సందులో పెన్సిల్ ముక్కో రూపాయి బిళ్లో ఇరుక్కుందేమో చూడండి. పిల్లలున్న ఇంట్లో సగం సార్లు అదే.

అదీ కాకపోతే మెట్టు ముందు చివరను పట్టుకుని అటూ ఇటూ కదపండి. వెంట్రుకవాసి ఆడాలి. ఆడలేదంటే మెట్టు మధ్యలో గానీ, ముందు అడుగున గానీ ఉన్న రంధ్రంలోని ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ) చెమ్మకు ఉబ్బి, అందులో దూరే లోహపు పిన్నును బిగబట్టింది. మెట్టును బయటికి తీసి, ఈ పనికే ఉండే పటకారు లాంటి ఈజింగ్ ప్లయర్‌తో ఆ ఫెల్ట్‌ను కొద్దికొద్దిగా అదమాలి. ఒకసారి అదిమి, మెట్టును చోట్లో పెట్టి, చూసి, మళ్లీ తీయండి. ఎక్కువ అదిమితే మెట్టు గలగలలాడుతుంది, కొత్త ఫెల్ట్ వేయించాల్సి వస్తుంది. పిన్ను తుప్పు పట్టి ఉంటే ఇత్తడి పాలిష్‌తో రుద్ది, జిడ్డు లేకుండా పొడిగుడ్డతో తుడవండి.

సుత్తి కీలులో సుమారు 1.3 మిల్లీమీటర్ల పిన్ను ఫెల్ట్ గూడులో తిరుగుతుంది. గదిలో చెమ్మ తగ్గించి రెండు వారాలు ఆగితే చాలా కీళ్లు వాటంతటవే వదులవుతాయి. మిగిలినవాటికి పిన్ను మార్పించాలి. అది చేయి తిరిగిన పనివారికే వదలండి.

కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే... వీటిలో ఏదీ లోపల చుక్క కూడా పడకూడదు. ఫెల్ట్ నూనెను పీల్చుకుని, దుమ్ము పట్టి, కొన్నాళ్లకు బంకలా తయారవుతుంది. అదే నూనె తీగలు చుట్టే పిన్నుల దాకా పాకితే చెక్క పట్టు వదిలేస్తుంది, ఇక శ్రుతి నిలవదు.

వర్షాకాలంలో శ్రుతి పెరుగుతుంది, చలికాలంలో దిగుతుంది

తీగల వెనక ఉండే సౌండ్‌బోర్డ్ పలచటి చెక్క. చెమ్మకు ఉబ్బి ముందుకు పొంగి తీగలను నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఆరితే కుంగి శ్రుతి దిగుతుంది. మధ్య స్థాయిలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

విశాఖలో ఏడాదిలో చాలా రోజులు చెమ్మ 70 శాతం పైనే. పియానోకు 45 నుంచి 60 మధ్య ఉంటే మేలు. అంత సాధ్యం కాకపోయినా ఒకేలా ఉండటం ముఖ్యం. రాత్రంతా ఏసీ, పగలు సముద్రం వైపు కిటికీలు బార్లా: ఇంతకంటే చెరుపు లేదు. గాలిలో చెమ్మ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొని పియానో మీద పెట్టి, వారం పాటు పొద్దున, సాయంత్రం అంకెలు రాసుకోండి. 65 దాటుతూ ఉంటే మెట్ల కింది అరలో 25 వాట్ల హీటర్ కడ్డీని, చెమ్మను బట్టి దాన్ని ఆపి నడిపే హ్యుమిడిస్టాట్‌ను పెట్టించండి. సిలికా జెల్ పొట్లాలు ఈ ఊరి గాలికి త్వరగా నిండిపోతాయి, వాటిని నమ్ముకోవద్దు. లోపల బల్బు వెలిగించే పాత పద్ధతి నిప్పుకు దారి. పియానోను బయటి గోడకు కాకుండా లోపలి గోడకు, 10 సెంటీమీటర్లు ఎడంగా ఉంచండి.

శ్రుతికి జనవరి మంచి కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటిలా కరెంటు రోజుల తరబడి పోతే కడ్డీ కూడా పనిచేయదు. అలాంటప్పుడు కరెంటు వచ్చాక మూడు, నాలుగు వారాలు ఆగి శ్రుతి చేయించండి.

ఒకే స్వరం ఊగుతూ పలుకుతుంది

మధ్య, పై స్థాయిల్లో ఒక్కో స్వరానికి మూడు తీగలు. ఒకటి జారితే ధ్వని అలలుగా ఊగుతుంది. రెండింటిని రబ్బరు ముక్కలతో ఆపి, ఒక్కోదాన్నీ విడిగా వినండి. సరిచేసిన రెండు రోజులకే మళ్లీ జారితే ఆ తీగ చుట్టిన పిన్ను వదులైనట్టు. దానికంటే 0.13 మిల్లీమీటర్లు లావున్న, అంటే తర్వాతి సైజు పిన్ను వేయించాలి. పానాతో, కటింగ్ ప్లయర్‌తో తిప్పితే పిన్ను తల మూలలు అరిగిపోతాయి, తర్వాత సరైన ట్యూనింగ్ లీవర్ కూడా పట్టదు.

పియానో మొత్తం దిగిపోయింది

ఫోన్‌లోని ట్యూనర్ యాప్‌లో మధ్య సి పైనున్న ఎ స్వరం చూడండి. 440 హెర్ట్జ్ ఉండాలి. ఈ లెక్క 1939లో లండన్ సమావేశంలో ఒప్పుకున్నది, అంతకు ముందు పియానోల్లో 435కి కట్టినవీ ఉన్నాయి. 30 సెంట్లకు (పక్కపక్క రెండు మెట్ల స్వరాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) మించి దిగితే ఒక్క విడతలో నిలవదు: ముందు మోటుగా ఎత్తి, తర్వాత సన్నగా సరిచేసి, కొన్ని వారాలకు మళ్లీ చూడాలి. తుప్పు పట్టిన తీగను నేరుగా ఎత్తితే తెగుతుంది. ముందు రవ్వంత వదులు చేయాలి, తుప్పు పట్టు విడిన "టిక్" వినబడాలి, ఆ తర్వాతే ఎత్తాలి. తీగలు మరీ పాడైతే 440 కోసం పట్టుబట్టవద్దు. ఉన్నచోటే, తనలో తాను కలిసేలా శ్రుతి చేయించుకోండి. రాగి చుట్టిన మంద్ర తీగ తెగితే రెండు ముక్కలూ దాచండి. కొత్తది చుట్టేవారికి కొలత అదే.

జుయ్‌మని మోత

ముందు పైనున్న ఫోటో ఫ్రేములు తీసేయండి. ఒకరు ఆ స్వరం వాయిస్తుంటే మరొకరు కొవ్వొత్తి పిడులు, మూత బందులు, పక్క షోకేసు అద్దాలు ఒక్కొక్కటీ చేత్తో అదిమి చూడాలి.

ఫెల్ట్‌లో కొరుకుళ్లు

అది బట్టల పురుగు పని. మెట్లు తీసి (వాటి మీద వరస నంబర్లు ఉంటాయి, లేకపోతే ముందే పెన్సిల్‌తో వేసుకోండి) అడుగున వ్యాక్యూమ్ పట్టండి. కలరా ఉండలను గుడ్డసంచిలో, చెక్క పాలిష్‌కు తగలకుండా వేలాడదీయండి.

ట్యూనర్ బయటి ఊరి నుంచి రావాల్సి ఉంటే, లోపమున్న ప్రతి మెట్టు మీదా చిన్న కాగితం అతికించి, ఫోటోలు, తెగిన తీగల లెక్క ముందే పంపండి. సరైన సైజు పిన్నులు, తీగలు వెంట తెచ్చుకుంటారు.