డీజిల్ ఫిల్టర్ ఇంట్లోనే మార్చేవారికి

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు డీజిల్ కారు ఉన్నవారు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపే ఫ్యూయల్ ఫిల్టర్ సంగతి చూసుకోండి. తీరప్రాంతపు తేమకు, సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో చెమ్మ చేరుతుంది. ఆ నీరు ఫిల్టర్ అడుగున నిలుస్తుంది.

ఇంజన్ చల్లారాకే చేయి పెట్టండి. ఫిల్టర్ చుట్టూ ఉన్న దుమ్మును ముందే శుభ్రంగా తుడవాలి. పాత ఫిల్టర్‌లోని డీజిల్‌ను గాజు సీసాలోకి వంపి కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు వేరుగా కనిపిస్తాయి. ఎక్కువగా కనిపిస్తే ట్యాంకును కూడా చూపించాల్సిందే. పాతదానికి నీటి సెన్సర్ ఉంటే విప్పి కొత్తదానికి బిగించండి. చాలామంది దాన్ని ఫిల్టర్‌తో పాటే పారేస్తారు! కొత్త రబ్బరు రింగుకు కాస్త డీజిల్ రాయండి.

అసలు జాగ్రత్త ఇక్కడే. ఫిల్టర్ మార్చినప్పుడు డీజిల్ గొట్టాల్లోకి గాలి చేరుతుంది; ఆ గాలి ఉండగా స్టార్టర్‌ను అదేపనిగా తిప్పకండి. ఇంజన్‌కు డీజిల్ అందించే పంపుకు డీజిలే కందెన, అది అందకపోతే అరిగిపోతుంది. డీజిల్ ఎక్కించడానికి చేత్తో నొక్కే చిన్న పంపు ఉంటే, అది గట్టిపడేదాకా నొక్కండి. అది లేకుండా, ట్యాంకులోనే కరెంటు పంపు ఉన్న కార్లలో ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం చెవిని నాలుగైదు సార్లు ఆన్ చేసి, కొన్ని క్షణాలు ఆగి, ఆఫ్ చేస్తే చాలు. ఇంజన్ అందుకున్నాక టార్చి వేసి, బిగింపుల దగ్గర డీజిల్ చెమ్మ ఉందేమో చూడండి.