కరస్పాండెన్స్ చెస్‌లో అవతలివాడు ఆడటం లేదా? ముందు ఎవరి టైమ్ తగ్గుతోందో చూడండి

కరస్పాండెన్స్ చెస్ అంటే ఒక్కో ఎత్తుకు రోజుల గడువు పెట్టుకుని చెస్.కామ్, లీచెస్ లాంటి సైట్లలో ఆడే ఆట. చెస్.కామ్ దీన్నే డైలీ అంటుంది. "నాలుగు రోజులైంది, అవతలివాడు కదలడం లేదు, ఏం చేయాలి?" అని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే. గేమ్ తెరిచి, ఎవరి పేరు పక్కన టైమ్ తగ్గుతోందో చూడండి. రెండు సెకన్ల పని. అది చూడకుండానే రిపోర్ట్ కొట్టేవాళ్లు ఎంతమందో!

సమస్య: నేను ఆడేశాను, కానీ తగ్గేది నా టైమే

మీ ఎత్తు అసలు వెళ్లలేదు. చెస్.కామ్ డైలీ గేముల్లోనూ, లీచెస్ కరస్పాండెన్స్‌లోనూ మూవ్ కన్ఫర్మేషన్ అని ఒక సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే గుర్రాన్ని జీ1 నుంచి ఎఫ్3కి లాగినంత మాత్రాన ఎత్తు పడినట్టు కాదు. గుర్రం ఎఫ్3లో నిలబడే ఉంటుంది, పక్కనే టిక్కు, ఇంటూ గుర్తులు వస్తాయి. టిక్కు నొక్కితేనే ఎత్తు సర్వర్‌కు చేరుతుంది. బస్సు దిగే హడావిడిలో గుర్రాన్ని లాగేసి ఫోన్ జేబులో పెట్టుకుంటారు. ఎఫ్3లో గుర్రాన్ని కళ్లారా చూశారు కాబట్టి అనుమానమే రాదు. మూడో రోజు టైమ్ అయిపోయి ఓడిపోయాక, సైటే ఎత్తును మింగేసిందంటారు.

తేల్చుకోవాలంటే పేజీ రిఫ్రెష్ చేయండి, లేదా వేరే ఫోన్‌లో లాగిన్ అవ్వండి. గుర్రం మళ్లీ జీ1లో కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. టిక్కు నొక్కి, టైమ్ అవతలివైపు తగ్గడం మొదలయ్యాకే ఫోన్ పక్కన పెట్టండి. చిరాకు పుడితే ఆ సెట్టింగ్ తీసేయొచ్చు గానీ, నేను మాత్రం వద్దంటాను. వేలు జారి మంత్రి పక్క గడిలో పడితే దాన్ని వెనక్కి తీసుకునే హక్కు మీకు ఉండదు.

ఇదే జబ్బు ఇంకో రెండు వేషాల్లోనూ వస్తుంది. అనాలిసిస్ బోర్డు (ఎత్తులు వేసి చూసుకునే విడి బోర్డు) మీద ఎత్తు వేసి, గేమ్‌లో ఆడేశామనుకోవడం ఒకటి. డ్రా అడిగి, మన ఎత్తు వేయకుండా జవాబు కోసం కూర్చోవడం రెండోది. డ్రా అడిగితే గడియారం ఆగదు.

సమస్య: టైమ్ అవతలివాడిదే, ప్రతిసారీ చివరి గంటలోనే ఆడతాడు

ఎత్తుకు 3 రోజులు అంటే ప్రతి ఎత్తుకూ కొత్తగా 3 రోజులు. ఇద్దరూ పూర్తిగా వాడుకుంటే 40 ఎత్తుల ఆటకు 240 రోజులు! ఓడిపోయే ఆటను సాగదీస్తున్నాడని చాట్‌లో తిట్టి లాభం లేదు, ఆ గడువుకు మీరూ ఒప్పుకునే ఆడుతున్నారు. జవాబు ఒక్కటే ఉన్న చోట కండిషనల్ మూవ్స్ (అవతలివాడు ఫలానా ఎత్తు వేస్తే నాది ఇదీ అని ముందే చెప్పి ఉంచడం) పెట్టండి, మీ వైపు ఆలస్యమైనా తగ్గుతుంది. వచ్చేసారి ఎత్తుకు 1 రోజు పెట్టండి. చెస్.కామ్‌లో ప్రొఫైల్ గణాంకాలు తెరిస్తే ఎత్తుకు సగటున ఎంతసేపు తీసుకుంటాడో, టైమవుట్ శాతం (గడువు దాటి ఓడిన ఆటల వాటా) ఎంతో తెలుస్తుంది. లీచెస్‌లో అన్‌లిమిటెడ్ జోలికి మాత్రం పోకండి, అక్కడ అసలు గడియారమే ఉండదు.

ఐసీసీఎఫ్ (అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య) ఆటల లెక్క వేరు. అక్కడ చాలాకాలంగా ఉన్న పద్ధతి 10 ఎత్తులకు 50 రోజులు. మిగిలిన రోజులు తర్వాతి ఎత్తులకు జమ అవుతాయి. వారం మౌనంగా ఉంటే కంగారు పడక్కర్లేదు.

సమస్య: గడియారమే ఆగిపోయింది

చెస్.కామ్‌లో అయితే అవతలివాడు వెకేషన్ (గడియారాన్ని ఆపే సెలవు) పెట్టాడు. ఆగడం తప్ప దారి లేదు. ఇకముందు వెకేషన్ లేని టోర్నమెంట్లలో చేరండి.

నోటిఫికేషన్లు రాకపోతే ఫోన్‌లో బ్యాటరీ సేవర్ చూడండి. సర్వర్ తప్పు లెక్క వేసిందనే అనుమానం చివరికి ఉంచుకోండి, అది దాదాపు ఎప్పుడూ నిజం కాదు.