సొంతంగా ఐఈఎల్‌టీఎస్ – 6వ పాఠం: మాయదారి 'నాట్ గివెన్'

పోయిన పాఠంలో పాసేజీని పైపైన చూసి, ఏ పేరాలో ఏముందో పట్టుకోవడం నేర్చుకున్నాం. పేరా పక్కన రెండు మూడు మాటల్లో గుర్తు రాసుకోమని కూడా చెప్పాను. ఆ అలవాటు ఇంకా కుదరకపోతే ఈ పాఠం రెండు రోజులు పక్కన పెట్టి, అది పూర్తిచేసి రండి. ఇవాళ్టి పనంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంగ్లిష్ ఎంత వచ్చో తేల్చే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో, చదివి జవాబులు రాసే రీడింగ్ భాగంలో వచ్చే ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నలు ఇవాళ చూద్దాం. ఒక వాక్యం ఇస్తారు. పాసేజీ ఆ మాటే చెబితే ట్రూ. దానికి విరుద్ధంగా చెబితే ఫాల్స్. అవునని గానీ కాదని గానీ ఏమీ తేల్చకపోతే నాట్ గివెన్. నియమం ఇంతే. చూడ్డానికి ఇంత తేలిగ్గా ఉండి, పరీక్షలో ఇంతగా ఏడిపించే ప్రశ్న ఇంకోటి లేదని నా అభిప్రాయం. నేను మొదటిసారి ఇంట్లో కూర్చుని ప్రాక్టీస్ టెస్ట్ రాసుకున్నప్పుడు ఈ రకం ప్రశ్నలు ఆరింటిలో నాలుగు పోయాయి. పాసేజీ అర్థం కాక కాదు, మరీ ఎక్కువ అర్థమై! ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు లెక్క చూడండి. అకడమిక్ రీడింగ్‌లో మూడు పాసేజీలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. మూడు పాసేజీలూ కలిపి 2,150 నుంచి 2,750 పదాల దాకా ఉంటాయి. ఈ పరీక్షలో స్కోరును బ్యాండ్ అంటారు; 40కి 23 వస్తే సుమారుగా 6 బ్యాండ్, 30 వస్తే 7 బ్యాండ్. టెస్టును బట్టి ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి. అంటే ఆరుకీ ఏడుకీ మధ్య ఉన్నది ఏడు ప్రశ్నలే. ఈ రకం సెట్టు ఒకటి వచ్చి అందులో మూడు నాలుగు పోయాయంటే ఆ దూరంలో సగం అక్కడే పోయినట్టు.

మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. ఈ ప్రశ్నల్లో ఆ మాట చెల్లదు. పాసేజీ మౌనంగా ఉంటే అది ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. మనం తప్పులు చేసేది సరిగ్గా ఇక్కడే. మౌనాన్ని ఒకసారి 'అవును'గా, ఇంకోసారి 'కాదు'గా వింటాం.

ఇంగ్లిష్ అడ్డం రాకుండా ఈ మెలకువ ఒక్కటే పట్టుబడాలని కింది పాసేజీని తెలుగులోనే ఇస్తున్నాను. తెలుగే కదా అని తేలిగ్గా తీసుకోకండి. భాష మనదైనా ఒకటి రెండు చోట్ల కాలు జారుతుంది.

"ఇంగ్లండ్ నైరుతి తీరానికి ఆవల, సముద్రంలో ఎడ్డీస్టోన్ అనే బండల గుంపు ఉంది. అక్కడ మొదటి దీపస్తంభాన్ని హెన్రీ విన్‌స్టాన్లీ కట్టించాడు. 1698లో దాని దీపం వెలిగింది. 1703 నాటి పెనుతుపాను ఆ కట్టడాన్ని ఊడ్చుకుపోయింది. మరమ్మతుల కోసం ఆ రాత్రి అక్కడే ఉన్న విన్‌స్టాన్లీ కూడా బతకలేదు. తర్వాత జాన్ రడ్యర్డ్ ఎక్కువగా కలపతో కట్టించిన స్తంభం 1755లో కాలిపోయేదాకా నిలిచింది. మూడోదాన్ని జాన్ స్మీటన్, ఒకదానిలో ఒకటి బిగిసేలా చెక్కిన గ్రానైట్ రాళ్లతో కట్టించాడు. 1759లో 24 కొవ్వొత్తులతో దాని దీపం వెలిగింది. వందేళ్లు దాటాక కూడా ఆ స్తంభం గట్టిగానే ఉంది గానీ, దాని కింద బండ కోతకు గురైంది. అందుకని 1882లో పక్కనే కొత్త స్తంభం వచ్చింది. స్మీటన్ స్తంభం పైభాగాన్ని విప్పి, ప్లిమత్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అడుగుభాగం ఇప్పటికీ ఆ బండ మీదే ఉంది."

ఇప్పుడు ప్రశ్నలు. జవాబులు కాగితం మీద రాసుకున్నాకే ముందుకు చదవండి.

1. మొదటి దీపస్తంభం పదేళ్లు కూడా నిలవలేదు.
2. తుపాను వస్తుందని తెలిసే విన్‌స్టాన్లీ అక్కడికి వెళ్లాడు.
3. రడ్యర్డ్ కట్టించిన స్తంభాన్ని అలలు కూల్చేశాయి.
4. స్మీటన్ స్తంభం అంతకుముందు ఉన్న రెండింటికన్నా ఎత్తైనది.
5. రడ్యర్డ్ స్తంభం కాలిపోయింది కాబట్టే స్మీటన్ రాయిని ఎంచుకున్నాడు.
6. స్మీటన్ స్తంభం బలహీనపడినందువల్ల 1882లో కొత్తది కట్టారు.
7. స్మీటన్ స్తంభాన్ని మొత్తంగా ప్లిమత్‌కు తరలించారు.

ఒకటోది ట్రూ. 'పదేళ్లు' అనే మాట పాసేజీలో ఎక్కడా లేదు. కానీ 1698, 1703 రెండూ ఉన్నాయి, తీసివేత చేస్తే చాలు. ఆ మాట లేదు కాబట్టి నాట్ గివెన్ అని రాసినవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: మాట లేకపోవడం వేరు, సంగతి లేకపోవడం వేరు. మూడోది ఫాల్స్, అది కాలిపోయిందని స్పష్టంగా ఉంది. ఏడోదీ ఫాల్స్, అడుగుభాగం అక్కడే ఉందిగా. 'మొత్తంగా' అన్న ఒక్క మాట వాక్యాన్ని ముంచింది.

రెండోదాని దగ్గర కాసేపు ఆగుదాం. విన్‌స్టాన్లీ అక్కడికి వెళ్లాడు, నిజం. తుపాను వచ్చింది, అదీ నిజమే. కానీ తెలిసి వెళ్లాడా, తెలియక వెళ్లాడా? పాసేజీ నోరు మెదపలేదు. 'తెలిసి ఎవరైనా వెళ్తారా, మరమ్మతుల కోసమని చెప్పారుగా, కాబట్టి ఫాల్స్' అని వాదించాలనిపిస్తుంది. ఆ వాదన మీదే, పాసేజీది కాదు. ఫాల్స్ అని రాయాలంటే ఏ వాక్యం దాన్ని ఖండిస్తోందో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అది ఫాల్స్ కాదు. నాట్ గివెన్.

నాలుగోది కూడా నాట్ గివెన్. ఎత్తుల ప్రసక్తే లేదు. ఈ పరీక్షలో పోలికలు ఎక్కువగా ఇలాగే వస్తాయి. రెండు వస్తువుల గురించి పాసేజీ చెబుతుంది కానీ, ఏది పెద్దది, ఏది పాతది, దేనికి ఎక్కువ ఖర్చయింది అన్నది చెప్పదు. వాక్యంలో 'మోర్ దేన్', 'లెస్ దేన్', 'ది మోస్ట్' లాంటివి కనబడగానే, పాసేజీ నిజంగా ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచిందా అని చూడండి.

ఎక్కువమంది పడిపోయేది ఐదో ప్రశ్నలో. కలప స్తంభం కాలిపోయింది. తర్వాతివాడు రాయితో కట్టాడు. ఇంకేం, కాలిపోయింది కాబట్టే రాయి! ఎంత చక్కగా అతికిందో చూడండి. అతికించింది ఎవరు? మీరే. పాసేజీలో ఒకదాని తర్వాత ఒకటి జరిగిందని ఉందే తప్ప, ఒకదాని వల్ల ఒకటి జరిగిందని లేదు. స్మీటన్ నిజజీవితంలో ఏం ఆలోచించాడన్నది చరిత్ర పుస్తకాల సంగతి. మనకు ఇచ్చిన పాసేజీలో ఆ 'వల్ల' లేదు. కాబట్టి నాట్ గివెన్.

దాన్ని ఆరోదాంతో పోల్చి చూడండి. అక్కడా కారణమే అడిగాడు. కానీ ఈసారి పాసేజీ మౌనంగా లేదు. స్తంభం గట్టిగానే ఉంది, కోతకు గురైంది కింది బండ, 'అందుకని' కొత్తది వచ్చింది అని చెప్పేసింది. కారణం ఉంది, మీకిచ్చిన కారణం అది కాదు. అందువల్ల ఫాల్స్. ఐదు, ఆరు పక్కపక్కన పెట్టుకుని రెండు మూడుసార్లు చదవండి. ఈ రెండింటి తేడా తెలిసిందంటే ఇవాళ్టి పాఠంలో సగానికి పైగా వచ్చేసినట్టే.

ఇక నా నాలుగు తప్పుల సంగతి. ఆ రోజు పాసేజీ తేనెటీగల మీద. వాటి గురించి అంతకుముందే బోలెడు చదివి ఉన్నాను. 'పని చేసే ఈగలన్నీ ఆడవే' అని వాక్యం వచ్చింది. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన నిజం. టకీమని ట్రూ పెట్టేశాను. పాసేజీలో ఆ ముక్కే లేదు. అలా నాలుగు. అప్పటి నుంచి తెలిసిన సబ్జెక్టు వస్తే నాకు సంతోషం కాదు, టెన్షన్ వస్తుంది. తెలియని విషయమే నయం, పాసేజీ తప్ప వేరే దిక్కు ఉండదు కాబట్టి.

ఇప్పుడు ఇంగ్లిష్‌కి వద్దాం. మెలకువ తెలిసినా మాట తప్పుగా అర్థమైతే జవాబు తలకిందులవుతుంది. మనవాళ్లు తరచూ పొరబడే మాటలు కొన్ని ఉన్నాయి. 'ఎ ఫ్యూ' అంటే కొందరు, 'ఫ్యూ' అంటే ఎవరో ఒకరిద్దరు తప్ప లేరని. ముందున్న ఆ చిన్న 'ఎ' పోతే అర్థం లేమి వైపు మొగ్గుతుంది. 'ఆల్ బట్ టూ' అంటే రెండు తప్ప అన్నీ. అదే 'ఆల్ బట్ ఫినిష్డ్' అంటే దాదాపు అయిపోయినట్టే, ఇంకా అయిపోలేదు. 'ఎనీథింగ్ బట్ సింపుల్' అంటే ఏమాత్రం సులువు కాదని. 'నాట్ అంటిల్ 1759' అని చూసి 1759లో జరగలేదనుకునేవాళ్లు చాలామంది. అసలు అర్థం అప్పటిదాకా జరగలేదు, అప్పుడు జరిగింది అని. 'నాట్' కనబడగానే మనసు 'లేదు' దగ్గర ఆగిపోతుంది, చిక్కంతా అదే. 'సెల్డమ్', 'హార్డ్లీ' అనే మాటల్లో 'నాట్' కనిపించదు గానీ, రెండూ కాదనే వైపే లాగుతాయి.

ఇంకో గుంపు ఉంది. 'మే', 'మైట్', 'ఈజ్ థాట్ టు', 'సమ్ బిలీవ్'. ఇవి ఉన్నచోట పాసేజీ రూఢిగా ఏమీ చెప్పడం లేదు. 'ఈ బొమ్మలు పిల్లల కోసం చేసినవని కొందరి నమ్మకం' అని పాసేజీలో ఉండి, 'ఈ బొమ్మలు పిల్లల కోసం చేసినవి' అని ప్రశ్నలో ఉంటే ట్రూ పెట్టకండి. నమ్మేవాళ్లున్నారని చెప్పింది గానీ, ఆ నమ్మకం సరైనదో కాదో తేల్చలేదు.

కొన్నిసార్లు ట్రూ, ఫాల్స్ బదులు ఎస్, నో, నాట్ గివెన్ అని ఉంటుంది. అక్కడ అడిగేది రచయిత అభిప్రాయాన్ని. పని చేసే పద్ధతి మాత్రం ఇదే. పేపర్ మీద రాసే పరీక్షయితే ఏ మాట అడిగారో ఆ మాటే రాయండి. ట్రూ రాయాల్సిన చోట ఎస్ రాసి చేజేతులా మార్కు పోగొట్టుకోకండి.

చివరిగా టైమ్. ట్రూ అయితే దొరుకుతుంది, ఫాల్స్ అయినా దొరుకుతుంది. నాట్ గివెన్ దొరకదు. దొరకనిదాన్ని ఎంతసేపని వెతుకుతాం? ఇక్కడే నాలుగైదు నిమిషాలు ఆవిరైపోతాయి. దీనికి ఒక ఉపాయం ఉంది. ఈ ప్రశ్నలు సాధారణంగా పాసేజీ వరసలోనే నడుస్తాయి. మూడో ప్రశ్న సంగతి రెండో పేరాలో, ఐదో ప్రశ్న సంగతి మూడో పేరాలో దొరికాయనుకోండి. నాలుగోది ఆ రెండు చోట్లకూ మధ్యలో ఉండాలి. ఆ ముక్క మాత్రం ఒకసారి జాగ్రత్తగా చదవండి. లేదా? నాట్ గివెన్ పెట్టి కదలండి, మళ్లీ మొదటి పేరా నుంచి తవ్వొద్దు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకండి. ఇంకో మాట: పేపర్ పరీక్షలో లిజనింగ్‌కు ఉన్నట్టు రీడింగ్‌లో జవాబులు ఎక్కించుకోవడానికి వేరే పది నిమిషాలు ఉండవు. అంతా ఆ 60లోనే.

ఇంటిపని. ఇదీ తెలుగులోనే.

"1707లో బ్రిటిష్ నౌకలు కొన్ని సిలీ దీవుల దగ్గర బండలకు కొట్టుకుని మునిగిపోయాయి. సముద్రం మీద రేఖాంశం కనుక్కునే పద్ధతి చూపినవారికి 20,000 పౌండ్ల దాకా బహుమతి ఇస్తామని 1714లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. చాలామంది పరిష్కారాన్ని ఆకాశంలో వెతుకుతుంటే, వడ్రంగి పని తెలిసిన జాన్ హారిసన్ గడియారంలో వెతికాడు. అతను చేసిన మొదటి మూడు గడియారాలూ భారీవి. నాలుగోది మాత్రం పెద్ద జేబుగడియారంలా ఉంటుంది. 1761లో దాన్ని జమైకా వెళ్లే ఓడలో పరీక్షకు పంపారు. ఆ ఓడ ఎక్కింది హారిసన్ కాదు, అతని కొడుకు విలియం."

1. 1707 నాటి ప్రమాదం వల్లే 1714లో చట్టం వచ్చింది.
2. ఆ చట్టం కింద 20,000 పౌండ్లకన్నా తక్కువ బహుమతి కూడా రావచ్చు.
3. గడియారంతో ప్రయత్నించినవాడు హారిసన్ ఒక్కడే.
4. నాలుగో గడియారం మొదటి మూడింటికన్నా చిన్నది.
5. నాలుగో గడియారానికి మొదటి మూడింటికన్నా ఎక్కువ ఖర్చయింది.
6. 1761 ప్రయాణంలో హారిసన్ తానే వెళ్లి గడియారాన్ని పరీక్షించాడు.

జవాబు రాసి ఊరుకోవద్దు. ట్రూ, ఫాల్స్ అని రాసిన ప్రతిదాని పక్కనా పాసేజీలో మీకు సాక్ష్యం చెప్పిన మాటలు రాయండి. నాట్ గివెన్ పక్కన సాక్ష్యం రాయలేరు కాబట్టి, పాసేజీలో ఇంకే మాట ఉండి ఉంటే అది ట్రూ అయ్యేదో రాయండి. మూడోదాని దగ్గర 'చాలామంది' అన్న మాటను రెండుసార్లు చదవండి. జవాబులు వచ్చే పాఠంలో చూద్దాం, ఆ తర్వాత పేరాలకు హెడింగులు కలిపే ప్రశ్నలు మొదలుపెడదాం.