కమాన్ కట్టలు మనమే మార్చుకుందాం - 3: దించడం, ఎక్కించడం

కిందటి రెండు పాఠాల్లో బండి వెనక ఎంత కుంగిందో కొలిచాం, కొత్త కమాన్ కట్టలు (వెనక బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు) జతగా తెచ్చుకున్నాం. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎడమా కుడీ కొలిచి రాసిన కాగితం పారెయ్యకండి. చివర్లో దాంతో పనుంది.

పానా పట్టే ముందు మా బావ సంగతి. పర్లాకిమిడిలో టెంట్‌హౌస్ ఆయనది. పాత బొలెరోకి జనరేటర్ ట్రాలీ తగిలించుకుని పెళ్లిళ్లకి ఇటు పాతపట్నం, అటు ఆర్. ఉదయగిరి ఘాట్ తిరుగుతుంటాడు. "కొత్తవెందుకురా, పాత కట్టకే ఇంకో పట్టీ వేస్తే పోదా?" అన్నాడు. పోదు బావా. అలిసిపోయిన పట్టీలు అలాగే ఉంటాయి, కొత్త పట్టీ ఒక్కటే వాటి చాకిరీ కూడా చేయాలి. పట్టీలన్నిటినీ గుచ్చి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర తుప్పు గీతలా కనిపించే పగులు ఉంటే అసలు బేరమే లేదు.

పైగా ట్రాలీ బరువు లెక్క మనం అనుకున్నట్టు ఉండదు. ట్రాలీ తగిలించే హుక్కు, బండి వెనక ఇరుసు కంటే ఇంకా వెనక్కి ఉంటుంది కదా, అక్కడ పడ్డ బరువు ఉయ్యాలబల్లలా పనిచేస్తుంది. బొలెరోకి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 2,680 మిల్లీమీటర్లు. హుక్కు మరో 1,200 వెనక ఉందనుకోండి. ట్రాలీ ముక్కు హుక్కు మీద 100 కిలోలు మోపితే వెనక ఇరుసు మోసేది సుమారు 145. ఆ ఎక్కువ 45 ముందు చక్రాల మీంచి లేచి వచ్చిందే. ఘాట్‌లో స్టీరింగ్ తేలిపోతోందని బావ అనేది ఇందుకే.

ఇక పని. ముందురోజు రాత్రే బోల్టులన్నిటికీ డీజిల్ పట్టించండి. తెల్లారి బండిని గట్టి చదును నేల మీద పెట్టండి, వానకి నానిన మట్టి మీద మాత్రం వద్దు. ముందు చక్రాలకి రెండువైపులా చెక్క దిమ్మలు వెయ్యాలి. హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాల్ని, అవి గాల్లోకి లేచాక దానితో పనేముంది? వీల్ నట్లు నేల మీదుండగానే కాస్త వదులు చేసి, బండి లేపి, ఛాసిస్ కింద రెండు స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరకండి. ఈ మాట ప్రతి పాఠంలోనూ అంటాను, విసుక్కున్నా సరే.

చక్రాలు తీసి, హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే గొట్టం) కింద జాకీ ఆనించండి. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు ముట్టుకోండి, అప్పుడు హౌసింగ్ దారి తప్పదు. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పి, తర్వాత కట్టని హౌసింగ్‌కి బిగించి పట్టే యూ బోల్టులు. తిరగకపోతే గ్రైండర్‌తో కోసెయ్యండి. ఎలాగూ సాగిపోయినవి, మళ్లీ వాడేవి కావు. దగ్గర్లోని బ్రేక్ పైపుకి తడి గోనెసంచి చుట్టండి. జాకీ దించేటప్పుడు బ్రేక్ హోస్ బిగుసుకుంటోందేమో చూస్తూ ఉండాలి, హౌసింగ్ దాని మీద వేలాడకూడదు.

కమాను హౌసింగ్ పైనుందా, కిందుందా, షాకిల్ (కమాను చివరని ఛాసిస్‌కి కలిపే ఊగే లింకు) ఏ చివరనుందో అన్నది విప్పకముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సెంటర్ బోల్టు అన్ని కట్టల్లో నట్టనడుమ ఉండదు. పాత కట్ట పక్కన కొత్తది పరిచి, రెండు సగాలూ టేపుతో కొలిచి, ముందు చివరకి సుద్దతో గుర్తు పెట్టండి. తిప్పి వేస్తే ఇరుసు వంకరవుతుంది.

ఎక్కించడానికి ఇద్దరు కావాలి. షాకిల్ లేని చివర ముందు, తర్వాత షాకిల్, రెండు బోల్టులూ చేత్తో తిరిగినంతే. సెంటర్ బోల్టు తల హౌసింగ్ ప్యాడ్ రంధ్రంలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. కొత్త యూ బోల్టుల నట్లు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించండి. నాలుగు కాళ్ల మరలూ సమానంగా బయటికి రావాలి. చివరి బిగువు మీ బండి మాన్యువల్ చెప్పిన లెక్కకి, టార్క్ రెంచితో (ఎంత బిగువు పడిందో చూపే పానా).

కమాను రెండు చివర్లా రబ్బరు బుష్‌ల గుండా వెళ్లే ఆ బోల్టుల దగ్గరే నేను దెబ్బతిన్నాను. మొదటిసారి బండి గాల్లో ఉండగానే గట్టిగా బిగించేశాను. దించగానే రబ్బరు మెలిపడింది, రెండు నెలల్లో బుష్‌లు చిరిగి కీచుమన్నాయి. చక్రాలు వేసి, బండి దించి, నాలుగుసార్లు వెనక ఊపి, బరువు కమాన్ల మీద పడ్డాక బిగించండి.

ఇంటిపని: ట్రాలీ తగిలించకుండా 100 కిలోమీటర్లు నడిపి యూ బోల్టులు మళ్లీ చూడండి, 500 దగ్గర ఇంకోసారి. పాత కొలతల పక్కనే కొత్తవి రాయండి. వచ్చే పాఠానికి ధాన్యం బస్తాలు తూచే కాటా ఒకటి అడిగి పెట్టుకోండి, ట్రాలీ ముక్కు బరువు తూద్దాం.