పీక్ డిస్ట్రిక్ట్‌లో చలికాలం నడక: కొండకి కాదు, గోతులకి భయపడండి

అక్టోబర్ రాగానే ఇంగ్లండ్‌లోని మా డర్బీ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ తిరుగుతుంది: "శనివారం మామ్ టోర్ పోదామా? ఎవరెవరు వస్తున్నారు?" ఆకులు రంగు మారుతుంటాయి, ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి, సెప్టెంబర్‌లో దిగిన కొత్త స్టూడెంట్లకు వారం వారం ఎక్కడికో ఒకచోటికి పోవాలనే ఉంటుంది. మామ్ టోర్ ఎత్తు 517 మీటర్లు. డర్బీ పక్కనున్న ఈ పీక్ డిస్ట్రిక్ట్ కొండలు మొత్తంలో ఎత్తయిన కిండర్ స్కౌట్ కూడా 636 మీటర్లే. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి దర్శనం చేసుకున్నవాళ్ళకి ఇదొక లెక్కా అనిపిస్తుంది. మొదటి ఏడాది నాకూ అలాగే అనిపించింది.

ఇక్కడ ఇబ్బంది ఎత్తుతో రాదు. ఇది మనుషులు వందల ఏళ్ళు తవ్వి వదిలేసిన నేల. రోమన్ల కాలం నుంచి సీసం తవ్వారు. తర్వాత తిరగలి రాళ్ళ కోసం, సున్నపురాయి కోసం తవ్వారు. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డ్‌లో నీటితో నడిచే నూలు మిల్లు పెట్టాక, చుట్టుపక్కల వాగులకు అడ్డుకట్టలు వేసి చెరువులు చేసుకున్నారు. (మన బందరు, కోరమాండల్ తీరం అద్దకం బట్టల మోజు తట్టుకోలేక ఇంగ్లండ్ 1721లో అద్దకం నూలు బట్టలు కట్టుకోవడాన్నే నిషేధించింది. 1774లో పార్లమెంటు చేత ఆ నిషేధం ఎత్తివేయించుకున్నవాళ్ళలో ఈ ఆర్క్‌రైట్ ఒకడు. మిల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.) తర్వాత గనులు మూతపడ్డాయి, మిల్లులు ఆగిపోయాయి, రైళ్ళు పోయాయి. వాటి మీద గడ్డి మొలిచింది, అడవి పెరిగింది. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ ఇక్కడే ఏర్పాటైంది. చూడ్డానికి తోటలా ఉంటుంది. కిందంతా గోతులు.

ముందు చీకటి సంగతి

అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. శనివారం దాకా ఐదున్నర దాటాక అస్తమించిన సూర్యుడు, మర్నాడు నాలుగూ నలభైకే వెళ్ళిపోతాడు. డిసెంబర్ మూడో వారానికి అది మూడూ యాభై. అడవి ఉన్న లోయలో ఇంకో అరగంట ముందే చీకటి పడుతుంది. మనవాళ్ళ ప్రయాణం ఎలా ఉంటుందో తెలుసుగా: ఎనిమిదికి బయల్దేరదాం అనుకుంటే, పులిహోర కలిపి, అందరినీ ఎక్కించుకుని కారు కదిలేసరికి పది దాటుతుంది. పార్కింగ్ దొరికేసరికి పదకొండున్నర.

కాబట్టి ఎక్కడికి చేరతామన్నది కాదు, ఎన్నింటికి వెనక్కి తిరుగుతామన్నది ముందు అనుకోండి. నవంబర్ నుంచి జనవరి దాకా నా లెక్క ఒంటిగంట. శిఖరం పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే, ఒంటిగంటకి వెనక్కే. గంటకు ఐదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట అని పాత లెక్క ఒకటుంది. అది బూట్లు అలవాటైనవాళ్ళకి. బురదలో, పిల్లలతో, ఫొటోలతో అయితే దాన్ని రెండింతలు చేసుకోండి.

మాన్‌సల్ ట్రైల్‌లో మేము ఎలా ఇరుక్కున్నామో చెప్తాను. అది 1968లో మూసేసిన రైలు దారి, ఎనిమిదిన్నర మైళ్ళు, దాదాపు చదును. దారిలో పాత రైలు సొరంగాలు ఉన్నాయి, పెద్దవి ఒక్కోటి సుమారు 400 మీటర్లు. 2011లో వాటిని నడకకి తెరిచారు. లోపల లైట్లుంటాయి, కానీ మామూలు పగటి వేళల్లోనే. ఆ సంగతి చదవకుండా వెళ్ళింది మేమే, తప్పు ఇంకెవరిదీ కాదు. నవంబర్‌లో తిరిగొచ్చేసరికి పొద్దుపోయింది, సొరంగం ముందు నిలబడితే లోపల నల్లగా ఉంది. నా ఫోన్‌లో 12 శాతం ఛార్జింగ్. ఒక చేత్తో గోడ తడుముకుంటూ, పైనుంచి నీటి చుక్కలు మెడ మీద పడుతుంటే, ఎదురుగా లైటు లేని సైకిల్ వస్తే ఏంటన్న టెన్షన్‌తో నడిచాం. ఆ వారమే తలకి పెట్టుకునే టార్చ్ కొన్నాను. మనిషికొకటి ఉండాలి, గ్రూపుకొకటి కాదు. ఫోన్ లైటు టార్చ్ కిందికి రాదు. ఆ ఫోన్ మీకు తర్వాత అవసరం.

గడ్డి కింద గని

బేక్‌వెల్, మ్యాట్‌లాక్, క్యాసిల్‌టన్ చుట్టూ ఉన్నది సున్నపురాయి నేల, దీన్ని వైట్ పీక్ అంటారు. పొలాల్లో ఒకే వరసలో, కిలోమీటర్ల కొద్దీ ఎగుడుదిగుడు దిబ్బలు కనిపిస్తే అది పాత సీసపు గని వరస. ఆ వరసలో బావుల్లాంటి గుంతలు వేల సంఖ్యలో ఉన్నాయి. కొన్నిటి మీద కాంక్రీటు మూత, కొన్నిటి మీద తేనెపట్టు బుట్ట ఆకారంలో రాతి కప్పు ఉంటుంది. కొన్నిటి మీద మాత్రం ఎప్పుడో వేసిన పాత దుంగలు, వాటి మీద మట్టి, ఆ మట్టి మీద పచ్చగడ్డి. ఇంతే.

అందుకే మామూలు కొండల్లో "అడ్డదారిలో పోదాం" అన్నంత తేలిగ్గా ఇక్కడ అనకండి. పొలం మధ్యలో గుండ్రంగా చిన్న గోడ, లోపల నాలుగు చెట్లు కనిపిస్తే పిక్నిక్‌కి బాగుందనుకోకండి, గోడ ఎందుకు కట్టారో ఆలోచించండి. గడ్డిలో గిన్నెలా పల్లం ఉంటే చుట్టూ తిరిగి వెళ్ళండి. పొగమంచులోనో మంచు పడ్డాకో ఈ గుర్తులేవీ కనబడవు, అప్పుడు దారి దిగకపోవడమే పద్ధతి. కాగితం మ్యాప్ కొనండి: ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వేవాళ్ళది, వైట్ పీక్‌కి ఓఎల్ 24, ఉత్తరాన డార్క్ పీక్‌కి ఓఎల్ 1. అందులో "షాఫ్ట్" అని, పక్కన బ్రాకెట్లో "డిస్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాడకంలో లేని గని బావి అని దాని అర్థం. గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకుంటే ఇవి కనిపించవు.

కొండలోకి దారిలా కనిపించే రంధ్రాల్లోకి అసలు పోవద్దు, "రెండడుగులే" అని కూడా. పిల్లలకి ఇది కారులోనే చెప్పండి. షెల్డన్ ఊరి దగ్గర మ్యాగ్‌పై మైన్ అనే పాత గని చూడదగ్గది, ఇంజన్ హౌస్ గోడలు, పొగ గొట్టం ఇంకా నిలబడి ఉన్నాయి. 1833లో పక్క గనివాళ్ళతో తగాదా వచ్చి, లోపల పెట్టిన పొగకి ముగ్గురు చనిపోయారు. వాళ్ళ భార్యలు పెట్టిన శాపం ఆ గనికి తగిలిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. శాపం సంగతి ఏమో గానీ అక్కడి షాఫ్ట్ మాత్రం చాలా లోతు. కంచె ఎక్కి తొంగిచూడకండి.

ఇక చేతుల సంగతి. ఇది ఇంగ్లీషు గైడ్లలో పెద్దగా చెప్పరు, ఎందుకంటే వాళ్ళు శాండ్‌విచ్ కాగితంతో పట్టుకుని తింటారు. మనం పులిహోర చేత్తో కలుపుకుని తింటాం. గని దిబ్బల మట్టిలో ఇప్పటికీ సీసం ఉంది. ఆ దిబ్బల మీద మేసిన పశువులకి సీసం విషం ఎక్కడం ఇక్కడి రైతులకి ఎప్పటినుంచో తెలుసు, దానికి వాళ్ళ యాసలో "బెల్లండ్" అని పేరు కూడా ఉంది. అలాంటి మట్టి తట్టుకుని బతికే తెల్లటి చిన్న పూల మొక్కకి ఇక్కడ లెడ్‌వర్ట్ అని పేరు. ఎండాకాలంలో ఆ పూలు కనిపిస్తే కింద సీసం ఉన్నట్టే. కాబట్టి దిబ్బల మీద పిల్లల్ని ఆడించకండి, మెరుస్తోందని రాయి జేబులో వేసుకోకండి, తినే ముందు చేతులు నీళ్ళతో కడుక్కోండి. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది గానీ సీసాన్ని తీయదు. ఒక లీటరు నీళ్ళు దీనికోసమే పక్కన పెట్టుకోండి. బూట్ల మట్టి ఇంట్లోకి తీసుకెళ్ళకండి.

అడవి, రాళ్ళు, నీళ్ళు

గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్ నుంచి ప్యాడ్లీ గార్జ్ దాకా ఓక్ అడవిలో నడక అందరికీ ఇష్టం. దానికి పైనే బోల్ హిల్ క్వారీ ఉంది. డర్వెంట్ డ్యాములు కట్టిన రాయి అక్కడిదే. ఇప్పుడు క్వారీ నిండా బర్చ్ చెట్లు, వాటి కింద నాచు పట్టిన తిరగలి రాళ్ళు వరసగా పడి ఉన్నాయి, కొనేవాడు లేక వదిలేసినవి. నేషనల్ పార్క్ గుర్తు కూడా తిరగలి రాయే. చూడ్డానికి ఎంత బాగుంటుందో, పైనుంచి వచ్చేవాళ్ళకి అంత ప్రమాదం: చెట్ల మధ్య నడుస్తుంటే క్వారీ అంచు చివరి నిమిషంలో గానీ కనబడదు. రాలిన ఆకుల కింద తడి వేర్లు ఉంటాయి. సున్నపురాయి అయితే, వేల మంది తొక్కి నునుపు చేసిన చోట, తడిస్తే సబ్బులా జారుతుంది.

మ్యాట్‌లాక్ దగ్గర లమ్స్‌డేల్‌లో కూలిన మిల్లు గోడల మధ్య జలపాతం ఉంది. ఇన్‌స్టాలో చూసి వచ్చేవాళ్ళు ఆ గోడల మీద ఎక్కి నిలబడతారు. ఆ రాళ్ళని పట్టి ఉంచుతున్నది చాలాచోట్ల ఐవీ తీగే. పొలాల మధ్య సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలూ అంతే, దాటాలంటే గేటు, లేదంటే మెట్లు కట్టిన చోటు వెతుక్కోండి. తీసిన గేటు వేయడం మర్చిపోకండి.

మామ్ టోర్ కింద విరిగిన రోడ్డు ఒకటుంది. కొండచరియ జారుతూనే ఉండటంతో 1979లో దాన్ని మూసేశారు. ముక్కలైన తారు మీద నడవొచ్చు, కానీ అక్కడి నుంచి నిట్టనిలువుగా శిఖరానికి ఎక్కుదామని చూడకండి, ఆ పలకరాయి చేతికే ఊడొస్తుంది.

నీళ్ళలో దిగడం గురించి ఒక్క మాట చాలు: వద్దు. మిల్లు చెరువులు, క్వారీ గుంటలు, రిజర్వాయర్లు అన్నీ లోతు, అన్నీ చల్లన. ఈత వచ్చినవాడికి కూడా ఆ చలికి ఊపిరి పట్టేస్తుంది. బక్స్‌టన్ దగ్గర హార్పర్ హిల్ క్వారీలో నీలంగా మెరిసే గుంట ఒకటుండేది. ఆ నీటి పీహెచ్ 11.3, దాదాపు అమ్మోనియాతో సమానం. బోర్డులు పెట్టినా జనం దిగుతుంటే, చివరికి 2013లో కౌన్సిల్‌వాళ్ళు నీటికి నల్ల రంగు కలిపారు. బోర్డు కంటే ఆ రంగే బాగా పనిచేసింది.

మబ్బు దిగితే

కిండర్, బ్లీక్‌లో (Bleaklow) అనే కొండలు వేరే లోకం. చెట్లుండవు, మోకాలి లోతు నల్లటి పీట్ (కుళ్ళిన మొక్కల మట్టి) బురద, ఏ వైపు చూసినా ఒకేలా ఉంటుంది. 1948 నవంబర్ 3న ఒక అమెరికన్ బి-29 విమానం మబ్బుల్లో బ్లీక్‌లో కొండకి గుద్దుకుని లోపలున్న 13 మందీ చనిపోయారు. ముక్కలు ఇప్పటికీ అక్కడే చెల్లాచెదురుగా ఉన్నాయి. దాన్ని చూడాలని మన కుర్రాళ్ళకి సరదా. వెళ్ళండి, కానీ మే నెలలో, దిక్సూచి చూడ్డం వచ్చిన మనిషితో. అక్కడి ముక్క ఒక్కటి కూడా తేవద్దు.

బట్టల గురించి అందరూ చెప్పేదే: జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 150 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది, గాలి దానికి అదనం. రెయిన్ జాకెట్, అదనంగా ఒక స్వెటర్, పొడి సాక్స్, ఫ్లాస్కులో టీ, పల్లీపట్టీ. కొత్త బూట్లతో మొదటిసారి కొండకి రాకండి.

దూడలున్న ఆవుల మంద ఉంటే దూరంగా తిరిగి వెళ్ళండి. మన ఊళ్ళో ఆవుని నిమిరిన చెయ్యి ఇక్కడ ఊరుకోదు, తెలుసు, అయినా వద్దు. ఫెర్న్ పొదల్లో నడిచొస్తే ఇంటికెళ్ళాక మోకాళ్ళ వెనక, నడుము దగ్గర చూసుకోండి, గేదెలకు పట్టే పిడుదుల జాతి పురుగులు మనుషులకీ పడతాయి. కుట్టిన చోటు చుట్టూ వలయంలా ఎర్రబడితే డాక్టర్‌కి చూపించాలి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళకి మాన్‌సల్ ట్రైల్ గానీ, మిడిల్టన్ టాప్ దగ్గర మొదలుపెట్టి పడమటి వైపు హై పీక్ ట్రైల్ గానీ సరిపోతుంది. మిడిల్టన్ నుంచి క్రామ్‌ఫర్డ్ వైపు మాత్రం తీసుకెళ్ళకండి: ఒకప్పుడు ఇంజన్ పెట్టి తాడుతో వ్యాగన్లు లాగిన వాలు అది, దిగేటప్పుడు మోకాళ్ళు చెప్తాయి. వాళ్ళకి ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసుకోండి. కొండ మీంచి మోసుకొచ్చినందుకు ఎవరూ డబ్బు అడగరు గానీ, విజిటర్లని ఆస్పత్రిలో చేర్చుకుంటే బిల్లు వేస్తారు.

ఎవరికైనా కాలు విరిగితే

999కి ఫోన్ చేసి ముందు "పోలీస్" అనండి, పోలీసులు ఎత్తాక "మౌంటెన్ రెస్క్యూ" అనండి. నేరుగా అంబులెన్స్ అంటే బండి రోడ్డు దాకానే వస్తుంది. మీ నెట్‌వర్క్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే నెట్‌వర్క్ ఉంటే 999 కలుస్తుంది. మాట కలవని చోట మెసేజ్ పోవచ్చు, కానీ ముందే రిజిస్టర్ చేసుకోవాలి: ఇంట్లో ఉండగానే "రిజిస్టర్" అనే ఇంగ్లీషు మాట టైప్ చేసి 999కి పంపండి, జవాబుగా వచ్చినదానికి ఒప్పుకోండి. ఓఎస్ లొకేట్ యాప్‌లో మీరున్న చోటి గ్రిడ్ నంబర్ వస్తుంది, అదే చదవండి. వచ్చేవాళ్ళు వాలంటీర్లు, ఉద్యోగాలు వదిలి వస్తారు. గంటలు పట్టొచ్చు, కాబట్టి దెబ్బ తగిలిన మనిషి కింద బ్యాగో జాకెట్టో వేయండి, చల్లటి నేల మీద కూర్చోబెట్టొద్దు. చెప్పిన చోటు నుంచి కదలొద్దు.

విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు, తర్వాత నిమిషం ఆగి మళ్ళీ ఆరు. చీకట్లో టార్చ్‌తోనూ అంతే. జవాబుగా మూడు వినిపిస్తాయి. వినబడ్డాయి కదా అని ఆపేయకండి, వాళ్ళు మీ విజిల్ పట్టుకునే వస్తారు.