చిమ్మట జననాంగాల స్లైడు తయారుచేయడం ఎలా

శనగపచ్చ పురుగు తల్లి చిమ్మటనీ, అమెరికా ఖండాల్లో మొక్కజొన్న కంకులు తొలిచే దాని దగ్గరి బంధువు హెలికోవెర్పా జియానీ పక్కపక్కన పెట్టి, రెక్కలు మాత్రమే చూసి ఏది ఏదో చెప్పమంటే నిపుణులు కూడా తడబడతారు. మగ చిమ్మట ఉదరంలోని మెత్తటి కండను కరిగించి, ఈడియాగస్ (మగ అంగపు గొట్టం) లోపలి పొరసంచిని బయటికి తిప్పి చూస్తే సంగతి తేలిపోతుంది. సంచి మొదట్లో ఒకే బుడిపె ఉంటే శనగపచ్చ పురుగు, మూడుంటే జియా. 2013లో బ్రెజిల్ పొలాల్లో శనగపచ్చ పురుగు ఉన్నట్టు బయటపడినప్పుడు కూడా రెక్కలను నమ్ముకోలేదు. జననాంగాలూ డీఎన్ఏ చూసే నిర్ధారించారు.

రెక్కల మీది పొలుసులు రాలిపోతాయి, రంగు వెలిసిపోతుంది. ఒకే జాతిలో రుతువును బట్టి మచ్చలు మారేవీ ఉన్నాయి. జననాంగాల్లో గట్టిపడిన కైటిన్ (పురుగు పైపెంకు పదార్థం) భాగాలు మాత్రం వందేళ్ల నాటి ఎండు నమూనాలో కూడా అలాగే నిలిచి ఉంటాయి. చిన్న చిమ్మటల కుటుంబాల్లో ఈ స్లైడు లేకుండా జాతి పేరు రాస్తే ఆ పేరును అనుమానంగానే చూడాలి.

పనిముట్లు ఎక్కువేమీ అక్కర్లేదు. 10 నుంచి 40 రెట్లు పెద్దదిగా చూపే స్టీరియో మైక్రోస్కోపు, సన్నమొన ఫోర్సెప్స్ రెండు, పుల్లకు గుచ్చిన సన్న పిన్నులు రెండు, 000 నంబరు బ్రష్షు, ఇన్సులిన్ సిరంజి, గుంట ఉన్న గాజు పలకలు, స్లైడ్లు, కవర్ స్లిప్పులు ఉంటే చాలు. ద్రావణాల్లో 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, డిస్టిల్డ్ వాటర్, అసిటిక్ ఆమ్లం, 30, 70, 95, 100 శాతం ఆల్కహాల్, క్లోరజోల్ బ్లాక్ రంగు, స్లైడు మీద భాగాలను నిలిపే యూపరాల్ జిగురు కావాలి.

హైడ్రాక్సైడ్ కలిపేటప్పుడు 10 గ్రాముల గుళికలను సుమారు 80 మిల్లీలీటర్ల నీటిలో కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. చల్లారాక 100 మిల్లీలీటర్లకు నింపండి. గుళికల మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా వేడెక్కి చిమ్ముతుంది. ప్లాస్టిక్ సీసాలో మూత బిగించి ఉంచండి. మూత వదులైతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని ద్రావణం బలం తగ్గిపోతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా దీని జోలికి వెళ్లొద్దు. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఉదరం విరవడానికి ముందు

ముందు ఫోటో, తర్వాత కాలు, ఆ తర్వాతే ఉదరం. ఈ వరస తప్పకూడదు. ఉదరం తీశాక నమూనా రూపం మళ్లీ రాదు కాబట్టి పైవైపు, కిందివైపు ఫోటోలు తీసి పెట్టుకోవాలి. ఒక కాలు విరిచి పొడి ట్యూబులో వేసి ఉంచితే, తర్వాత ఎప్పుడైనా మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ జన్యువులోని, జాతిని గుర్తుపట్టించే 658 బేస్ జతల బార్‌కోడ్ చదివించవచ్చు. హైడ్రాక్సైడ్‌లో వేసిన ఉదరం నుంచి మాత్రం డీఎన్ఏ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఉదరం నుంచే రెండూ రాబట్టాలంటే వేరే దారి ఉంది. దాన్ని ప్రోటీన్లను కరిగించే ప్రోటీనేజ్ కె ఎంజైమ్ కలిపిన బఫర్‌లో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే కండ కరుగుతుంది, డీఎన్ఏ ద్రావణంలోకి వస్తుంది, కైటిన్ మిగులుతుంది. ఖర్చెక్కువ, కానీ అరుదైన నమూనాకు అదే సరైన పద్ధతి.

స్లైడు నంబరును ఇక్కడే వేయాలి. పెన్సిలుతో రాసిన చిన్న చీటీ ఒకటి నమూనా పిన్నుకు గుచ్చండి. అదే నంబరున్న మరో చీటీ ఉదరంతో పాటు ప్రతి పాత్రలోకీ వెళ్లాలి. ఈ పనిలో జరిగే అన్ని పొరపాట్లలోకీ పెద్దది ఉదరాలు తారుమారు కావడమే. కారణం ఏమిటంటే, మిగతా పొరపాట్లు స్లైడు మీద కనబడతాయి. ఇది కనబడదు. స్లైడు అద్దంలా వస్తుంది, పేరు మాత్రం వేరే పురుగుది పడుతుంది. అందుకే ఒకే రకంగా కనిపించే నమూనాలను ఒకేసారి పదీ ఇరవై పెట్టుకుని కూర్చోకూడదు. టైప్ నమూనా (జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా నిలిపినది) అయితే సంరక్షించే సంస్థ అనుమతి లేకుండా అసలు ముట్టుకోకూడదు.

ఎండిన నమూనా ఉదరాన్ని ఫోర్సెప్స్‌తో కింది నుంచి మెల్లగా పైకి ఎత్తితే వక్షంతో కలిసే చోట తెగుతుంది. నొక్కి పట్టుకోవద్దు. ఉదరం మొదలును వక్షం దగ్గర వదిలేయకుండా పూర్తిగా తీయాలి. పైరాలిడే, జియోమెట్రిడే వంటి కుటుంబాల్లో చెవులు ఉదరం మొదట్లోనే ఉంటాయి, వర్గీకరణకు అవీ పనికొస్తాయి. నాక్టుయిడే, దాని బంధువుల్లో చెవి వక్షం చివర ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ లేదు.

కరిగించడం, శుభ్రం చేయడం

పొడి ఉదరాన్ని నేరుగా హైడ్రాక్సైడ్‌లో వేస్తే లోపలి గాలి వల్ల పైన తేలుతుంది, ఒకవైపే కరుగుతుంది. ముందు 70 శాతం ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు ముంచితే గాలి పోయి అడుగుకు దిగుతుంది. ట్యూబులో సుమారు 2 మిల్లీలీటర్ల ద్రావణం పోసి, ఉదరం వేసి, గది ఉష్ణోగ్రతలో రాత్రంతా ఉంచండి. తొందరగా కావాలంటే ట్యూబును వేడినీటి పాత్రలో 15 నుంచి 30 నిమిషాలు నిలబెట్టవచ్చు. చిన్న చిమ్మటకు పది నిమిషాలు చాలు. మంట మీద నేరుగా పెడితే ద్రావణం ఒక్కసారిగా ఎగిసి చిమ్ముతుంది, ఉదరం గోడకు అతుక్కుంటుంది.

ఎప్పుడు ఆపాలో గడియారం కన్నా ఉదరమే బాగా చెబుతుంది. మెత్తబడి, వెలుతురులో పట్టి చూస్తే లోపలి గట్టి భాగాల నీడలు కనిపిస్తే సరి. తెల్లటి ముద్దగా ఉంటే కొవ్వు ఇంకా కరగలేదు, మరో పది నిమిషాలు ఉంచండి. మరీ ఎక్కువసేపు ఉంచితే పొరలు గాజులా పారదర్శకమై, తాకగానే చిరుగుతాయి. ముఖ్యంగా ఆడ చిమ్మటలో వీర్యాన్ని అందుకునే బర్సా సంచి ఇలాగే పోతుంది. రాత్రి పెట్టి మర్నాడు చూడడం మరిచిపోవడం వల్ల పాడైనవే ఎక్కువ.

తీశాక ఒకట్రెండు చుక్కల అసిటిక్ ఆమ్లం కలిపిన నీటిలో కొద్ది నిమిషాలు ఉంచి క్షారం విరిచేయండి. తర్వాత 30 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి, మైక్రోస్కోపు కింద బ్రష్షుతో పొలుసులు తోమాలి. ఎప్పుడూ ఉదరం మొదటి నుంచి చివరకే, అంటే పొలుసులు పడుకున్న దిశలోనే బ్రష్షు వెళ్లాలి. లోపలి కండ ముద్దను వేళ్లతో పిండినట్టుగా పిన్ను పక్కతో మెల్లగా జరిపి, విరిచిన మొదటి కొస గుండా బయటికి తోసేయండి. ద్రావణం మురికైనప్పుడల్లా మార్చండి. ఇక్కడ వదిలేసిన నాలుగు పొలుసులు స్లైడు మీద ఎప్పటికీ కనబడుతూనే ఉంటాయి.

మగ నమూనాలో

జననాంగాలు తొమ్మిది, పది ఖండాల నుంచి ఏర్పడ్డవి. ఎనిమిదో ఖండంతో కలిపే పొరను పిన్ను మొనతో చుట్టూ కోసి, మొత్తం గొట్టాన్ని విడదీయండి. ఎనిమిదో ఖండం ఉదరం చర్మంతోనే ఉండాలి. చాలా ప్రజాతుల్లో దానికి కూడా ప్రత్యేక ఆకారం ఉంటుంది. ఆ చర్మాన్ని ఒక పక్కగా నిలువునా కోసి పరచండి.

ఇప్పుడు పైన అంకస్ కొక్కెం, పక్కల పట్టుకోవడానికి పనికొచ్చే రెండు వాల్వాలు, మధ్యలో ఈడియాగస్ గొట్టం కనిపిస్తాయి. ఈడియాగస్‌ను తల ఉండే వైపుకు లాగి తీయాలి. వెనక్కి లాగితే చుట్టూ ఉన్న పొరతో పాటు దానికి ఆసరాగా ఉండే జక్స్టా పలక కూడా చిరిగి వస్తుంది.

వెసికా అనే లోపలి సంచిని తిప్పడమే అన్నింటికన్నా ఓపిక కావలసిన పని. ఈడియాగస్ ముందు కొసలో వీర్యనాళం ప్రవేశించే చోట సిరంజి సూది మొనను కొద్దిగా దూర్చి, ఫోర్సెప్స్‌తో బిగించి పట్టుకుని, నీటిని చాలా మెల్లగా తోయాలి. చొక్కా చెయ్యి లోపలి నుంచి బయటికి తిరిగినట్టు వెసికా వెనక కొస నుంచి విప్పుకుంటూ వస్తుంది. దాని మీది ముళ్లను కార్నుటై అంటారు. అవి ఎన్ని, ఎక్కడ, ఎంత పొడవు అన్నవే తరచూ జాతి లక్షణాలు. మధ్యలో ఆగిపోతే బలం పెంచొద్దు. పొర గట్టిపడి ఉంటుంది. తిరిగి అసిటిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టి ప్రయత్నించండి. పూర్తిగా విప్పుకున్నాక సిరంజిలో 100 శాతం ఆల్కహాల్ నింపి మళ్లీ తోస్తే సంచి ఉబ్బిన ఆకారంలోనే గట్టిపడుతుంది. కార్నుటైలు కొన్ని జాతుల్లో కలయికలోనే ఊడిపోయి ఆడదాని బర్సాలో మిగులుతాయి. లేవు కాబట్టి వేరే జాతి అని తొందరపడకూడదు.

ఆడ నమూనాలో

చిమ్మటలు, సీతాకోకచిలుకల్లో అత్యధిక భాగమైన డైట్రిసియాలో ఆడదానికి రెండు ద్వారాలుంటాయి. గుడ్లు పెట్టేది చివర, కలయికకు ఉపయోగపడేది కింద ఏడు, ఎనిమిది ఖండాల మధ్య. అందుకే తెలియని గుంపు అయితే ఏడో ఖండాన్ని కోయకుండా జననాంగాలతోనే ఉంచండి. ఏడో ఖండం అంచుకూ ద్వారానికీ ఉన్న సంబంధం ఒక్కసారి తెగితే మళ్లీ తెలియదు. బర్సా ఉదరం ముందు భాగం దాకా విస్తరించి ఉంటుంది. కాబట్టి ఉదరాన్ని పక్కగా పూర్తిగా కోసి తెరిచాకే బయటికి తీయాలి, చివర నుంచి లాగకూడదు.

ఆడ భాగాలు ఎక్కువగా పలుచని పొరలే కాబట్టి రంగు తప్పనిసరి. 70 శాతం ఆల్కహాల్‌లో 1 శాతం క్లోరజోల్ బ్లాక్ కలిపి, అందులో కొన్ని సెకన్లు ముంచి తీసి చూడండి. చాలకపోతే మళ్లీ ముంచవచ్చు. ఒకసారి నల్లగా ఎక్కితే వదిలించడం కష్టం. బర్సా గోడ మీద సిగ్నం అనే గట్టి పలక ఉందా, ఒకటా రెండా అన్నది గమనించండి. మగ చిమ్మట ఇచ్చిన స్పెర్మటోఫోర్ (వీర్యపు) పొట్లాలు లోపల కనబడితే వాటి లెక్క ఆ ఆడది ఎన్నిసార్లు కలిసిందో సూచిస్తుంది. ఆ లెక్కే ముఖ్యమైతే హైడ్రాక్సైడ్ వాడక ముందే, తాజా నమూనాలో బర్సా కోసి చూడాలి.

స్లైడు మీదికి

ఏ కోణంలో పరచాలన్నది ఆ గుంపు మీద పనిచేసేవాళ్ల అలవాటును బట్టి ఉండాలి. చాలా చిమ్మటలకు వాల్వాలు రెండు పక్కలా తెరిచి కింది నుంచి చూపిస్తారు. సీతాకోకచిలుకలకు ఎక్కువగా పక్క నుంచి. ఒకరి పక్క చిత్రాన్నీ మీ కింది చిత్రాన్నీ పోల్చి తేడా ఉందనుకుంటే కొత్త జాతులు ఊరికే పుట్టుకొస్తాయి. పరచడానికి ముందే గ్లిసరిన్‌లో ఉంచి అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయడం మంచిది. కవర్ స్లిప్పు నొక్కాక అసలు ఆకారం పోతుంది.

95 శాతం ఆల్కహాల్‌లో భాగాలను అనుకున్న భంగిమలో పెట్టి, పైన గాజు ముక్క ఆనించి కొన్ని నిమిషాలు ఉంచితే అలాగే గట్టిపడతాయి. తర్వాత స్లైడు మీద యూపరాల్ చుక్కలోకి మార్చి, బుడగలను పిన్నుతో అంచుకు తోసి, కవర్ స్లిప్పును ఒక పక్క నుంచి దించండి. భాగాలు మందంగా ఉంటే స్లిప్పు కింద విరిగిన గాజు ముక్కలు ఆసరాగా పెట్టాలి. యూపరాల్ బదులు కెనడా బాల్సమ్ జిగురు వాడేవారు 100 శాతం ఆల్కహాల్, ఆపై జైలీన్ దాటాలి. ఏ మాత్రం నీరు మిగిలినా బాల్సమ్ పాలలా తెల్లబడుతుంది. యూపరాల్ 95 శాతం నుంచే ఒప్పుకుంటుంది. దాని వక్రీభవన గుణకం (కాంతిని వంచే కొలత) సుమారు 1.48, బాల్సమ్‌ది 1.52 కన్నా తక్కువ కాదు. పొరల గుణకానికి బాల్సమ్‌ది మరీ దగ్గర, యూపరాల్‌ది కాస్త దూరం. అందుకే పలుచని పొరలు యూపరాల్‌లో బాగా కనబడతాయి. ఆరడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా స్లైడు పడుకునే ఉండాలి, నిలబెడితే భాగాలు జారిపోతాయి. ఆరేకొద్దీ అంచున ఖాళీ ఏర్పడితే మరో చుక్క అందించండి. స్లైడు మీద నంబరు, లింగం, దొరికిన చోటు, తేదీ రాసి, అదే నంబరు పిన్ను చీటీ మీద ఉందో లేదో అప్పుడే సరిచూసుకోవాలి.

ఒక్క స్లైడుతో జాతిని విడదీయకండి. ఒక్కో రూపం నుంచి మగవి కొన్ని, ఆడవి కొన్ని చూస్తే గానీ ఎంత తేడా వ్యక్తుల మధ్యది, ఎంత తేడా జాతులది అన్నది తెలియదు. జననాంగాలకూ హద్దుంది. లెప్టిడియా సైనాపిస్ అనే తెల్ల సీతాకోకచిలుకలో రెండో జాతి రియాలీ దాగి ఉందని 1980ల చివర్లో జననాంగాల పొడవును బట్టే కనిపెట్టారు. ఆ రియాలీలోనే జువర్నికా అనే మూడోది ఉందని 2011లో డీఎన్ఏ చెప్పింది, ఆ రెండింటినీ జననాంగాలు విడదీయలేవు. బార్‌కోడ్ కూడా మోసం చేయగలదు. వోల్బాకియా బ్యాక్టీరియా తల్లి నుంచి పిల్లలకు వెళ్తూ తనతో పాటు ఒకే రకం మైటోకాండ్రియాను వ్యాపింపజేస్తే రెండు జాతులకు ఒకే బార్‌కోడ్ రావచ్చు, లేదా ఒకే జాతి రెండుగా కనబడవచ్చు. స్లైడూ బార్‌కోడూ ఒకదానికొకటి పొసగకపోతే నంబర్లు తారుమారయ్యాయేమో ముందు చూడండి. అవి సరిగానే ఉంటే, దాచిన కాలి నుంచి కేంద్రక జన్యువులు కూడా చదివించాలి.